తాళాల పేజీ పెద్దమనిషి

ఆఫీసులో ఆయన పేరు ‘మెరుగుబాబు’. ఎదురుపడితే మాత్రం ‘సార్’. కంప్యూటరు భాషలో ఫైళ్ళను తెరిచే, మూసే, తాళం వేసే ఆదేశాలను, అదే ఫంక్షన్లను, ఎలా వాడాలో చెప్పే పేజీలకు మెరుగులు దిద్దడం ఆయన ఉద్యోగం. రాగానే కుర్చీ ఎత్తు సరిచేసుకుని, గొంతు సవరించుకుని, ఎవరో చెమటోడ్చి రాసిన వాక్యాన్ని పైకి చదువుతాడు. చెవికి ఇంపుగా లేకపోతే కోసేస్తాడు. ఆ ఫంక్షన్‌ను ఒక్కసారైనా నడిపి చూసిన పాపాన పోలేదు. ఈత రానివాడు ఏటి లోతు చెప్పడమంటే ఇదే.

మొన్న ఆస్పత్రి ప్రోగ్రాము రాసే అమ్మాయి వచ్చింది. అంతకుముందు ఆయన పేజీని నమ్మి, ఒకేసారి ఇద్దరు రాయకుండా ఫైలుకు తాళం వేసింది. తన ప్రోగ్రామే ఆ ఫైలును మరోచోట తెరిచి మూయగానే తాళం ఊడిపోయింది. ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి రాయడంతో రోగుల వివరాలు కలగాపులగమయ్యాయి. ఆరోజు మధ్యాహ్నం మీటింగులో ఆ తప్పు ఆమె మెడకే చుట్టబోతున్నారు.

“ఇలా ఊడుతుందని పాత పేజీలో హెచ్చరిక ఉండేదిగా సార్?”

“ఉండేదమ్మా. చదివేవాళ్ళు జడుసుకుంటారని తీసేశాను.”

“నడిపి చూశారా?”

“నేను రాసేవాణ్ణి తల్లీ. నడపడానికి మీరున్నారుగా!”

ఆమె ఆయన కంప్యూటర్లోనే నాలుగు లైన్లు కొట్టింది. తాళం ఆయన కళ్ళెదుటే ఊడింది. “తప్పు పేజీదని మీటింగులో ఒక్క మాట చెప్పండి సార్, నా ఉద్యోగం నిలబడుతుంది.”

ఆయన తెరనూ తన పేజీనీ మార్చి మార్చి చూశాడు.

“ఈ కంప్యూటరు మార్పించాలమ్మా,” అన్నాడు జాలిగా. “పేజీలో ఉన్నట్టు చెయ్యడం లేదు.”