భట్టీ కూల్చమన్న కాగితం

పోర్ట్ బ్లెయిర్ దీవిలోని మా ఫెరార్‌గంజ్‌లో ఏడాదికి ఎనిమిది నెలలు వాన. ఎండను నమ్ముకుని కొబ్బరి ఎండబెట్టేవాళ్లు ఇక్కడ బతకలేరు. అందుకే మా ఇంటి వెనక భట్టీ ఉంది. పోక బద్దల మంచె మీద పగలగొట్టిన కొబ్బరికాయలు పరుస్తాను. కింద ఖాళీ చిప్పలను ఒకదానిలో ఒకటి దోపి, బారుగా పేర్చి, ఒక చివర అంటిస్తాను. నిప్పు చిప్ప నుంచి చిప్పకు మెల్లగా పాకుతుంది. మంట లేవదు, పొగా తక్కువే. కట్టె కొనే పని లేదు. ముగ్గురు పిల్లలను ఈ భట్టీ మీదే పెంచాను.

నిరుడు ఒక ఆఫీసరు వచ్చాడు. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన తెలుగు మనిషే, మాటల్లో సగం హిందీ; నన్ను అమ్మమ్మా అనకుండా నానీ అంటాడు. కొబ్బరి ఎండబెట్టే కరెంటు డ్రయ్యరు ఊరికే ఇస్తారట. దానికి భట్టీ కూల్చేసి, ఇక నిప్పు పెట్టనని కాగితం మీద సంతకం చేయాలట. భట్టీలో నుంచి కార్బన్ లేచి సముద్రం పైకొస్తోందన్నాడు.

“నానీ, ఒక్క సైన్ చేసేయండి. ధర్తీకి, ఈ భూమికి మంచిది.”

“డ్రయ్యరు దేంతో నడుస్తాది బాబూ?”

“కరెంటుతో.”

“ఆ కరెంటు కోసం పవర్‌హౌస్‌లో ఏటి కాలుస్తారు?”

“డీజిలే నానీ. అభీ కే లియే, ఇప్పటికి మాత్రమే. తర్వాత సోలార్ వస్తుంది.”

“ఓడలో తెచ్చిన డీజిలు మీరు కాలిస్తే పుణ్యం, నా పెరట్లో చిప్ప నేను కాలిస్తే పాపమేటి? ఆ సోలార్ వచ్చినాకే కాగితం పట్రా.”

సముద్రం ముందుకు రావడం లేదని నేను అనను. వానలు వేళ తప్పడం నా కళ్లతోనే చూస్తున్నాను. నాకు నమ్మకం లేనిది, ఎవరు కాల్చడం తగ్గించుకోవాలో వీళ్లు తేల్చే పద్ధతి మీద. నేను విమానం ఎక్కినదాన్ని కాదు. మా ఇంట్లో ఏసీ లేదు. స్నానం చేసిన నీళ్లు కూడా అరటి మొదళ్లకే పోతాయి. భూమిని ఉద్ధరించడానికి కాదు, నీళ్లు మోసేది నేనే గనక. సరదాకి దీవులు చూడ్డానికి విమానాల్లో దిగేవాళ్లను ఎవరూ ఏ సంతకమూ అడగరు. ముసలిదాని పొయ్యి దగ్గరికి మాత్రం జీపు వేసుకుని వస్తారు.

పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో ఆఫీసు ఉద్యోగం చేసే మా పెద్దవాడు ఫోన్ చేశాడు. “అమ్మా, ఆ సంతకమేదో పెట్టీ. ఆఫీసులో అందరూ నన్నే అడుగుతున్నారు.”

“ముందు నీ ఇంట్లో ఏసీ పీకించు, తర్వాత నా భట్టీ సంగతి సూద్దాం.”

ఫోన్ పెట్టేశాడు.

పక్కింటి బెంగాలీ ఆవిడ సంతకం చేసి డ్రయ్యరు తెచ్చుకుంది. ఆమెను తప్పు పట్టను. వంగి నిప్పు చూసుకునే నడుం ఆమెకిప్పుడు లేదు. శ్రావణంలో గాలివానకు రెండు రోజులు కరెంటు పోయింది. మూడో నాడు పొద్దున్నే గంపతో మా గుమ్మంలో నిలబడింది.

“దీదీ, లైట్ నహీ. దేఖో” అంటూ ఒక కొబ్బరి ముక్క నా చేతిలో పెట్టింది. లోపలంతా జిగురు, అంచున పచ్చటి బూజు. బూజు పట్టినవి పారేయించి, మిగిలినవి నా మంచె మీద పరచమన్నాను.

ఆ వారమే ఆఫీసరు మళ్లీ వచ్చాడు. “ఇన్ని కాయలూ మీవేనా నానీ?”

“సగం నీ డ్రయ్యరువి.”

నవ్వాడు గానీ కాగితం తీయడం మానలేదు. సంతకం చేయకపోతే ‘నిరాకరించారు’ అని రాయాలట. ఇక నాకు ఏ స్కీమూ రాదట.

“రాసీ” అన్నాను.

రాశాడు. నాది మూడో తరగతి చదువు, హిందీ చదవలేను. చదివి వినిపించమన్నాను. అతను రాసింది ఒక్క మాటే.

“ఎందుకు వద్దన్నానో అదీ రాయి. లేకపోతే రేపెవడో వచ్చి, ముసల్దానికి తెలీక వద్దందంటాడు.”

“ఏం రాయమంటారు?”

“కరెంటు నిలవదని రాయి. నిలిచినా అది డీజిలేనని రాయి.”

అదీ రాశాడు. రెండుసార్లు చదివించుకుని, దాని కింద తెలుగులో, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాను.