బాతును ఎగరేసింది నేనే

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా వీధి మొత్తానికి ఒక్కటే వీడియో గేమ్ ఉండేది. అది మా అన్నది, అంటే మా పెదనాయన కొడుకుది. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే అతని మేనమామ బొంబాయి పోయి వస్తూ తెచ్చిచ్చాడు. ఎర్ర, తెలుపు రంగుల ప్లాస్టిక్ పెట్టె, రెండు రిమోట్లు, ఒక గన్ను, పసుపు రంగు క్యాసెట్టు. క్యాసెట్టు మీద తొమ్మిది వేల పైచిలుకు ఆటలని గొప్పగా అచ్చు వేసి ఉండేది. తీరా పెట్టి చూస్తే ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. అవే ఆటలు పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. ఆ పెట్టె జపానులో పుట్టిన అసలు యంత్రానికి నకలు అని మొన్నీమధ్య మా అబ్బాయి చెబితే తెలిసింది. అసలో నకలో, మా వీధికి మటుకు అదే దేవలోకం.

మాది మగ్గాల ఇల్లు. అమావాస్యనాడు మగ్గం ఆడించకూడదని మా వాళ్ళ కట్టుబాటు. ఆ ఒక్కరోజు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండేది. మగపిల్లలంతా పొద్దున్నే పెదనాయన ఇంట్లో టీవీ ముందు చేరేవాళ్ళు. మగ్గానికి సెలవే గానీ ఆడపిల్లలకు ఎక్కడిది? నేను అంట్లు తోమి, తమ్ముడికి నీళ్ళు పోసి, చేతులు పావడాకు తుడుచుకుంటూ పరిగెత్తేదాన్ని. నాకు ఆ గన్ను కావాలి. అంతకంటే ఆ వయసులో నాకు వేరే కోరిక లేదు.

వాళ్ళు ఎక్కువగా ఆడేది బాతుల ఆట. గడ్డిలోంచి బాతు లేస్తుంది, గన్నుతో కాల్చాలి. గురి తప్పి బాతు ఎగిరిపోతే ఒక కుక్క పైకి లేచి మూతికి కాలు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. గన్ను పెట్టాలంటే రెండో రిమోట్ పీకేసి ఆ చోట తగిలించాలి. మొదటి రిమోట్‌తో ఆట మొదలుపెట్టి దాన్ని పక్కన పడేసేవాళ్ళు. నేను గన్ను అడిగినప్పుడల్లా మా అన్న ఆ పడేసిన రిమోట్ నా ఒళ్ళోకి విసిరేవాడు.

"ఇదో, నువ్వూ ఆడుతాండావు. గమ్మున పట్టుకోని కూసో."

మీటలు నొక్కితే ఆట పోతుందని భయపెట్టేవాడు. ఊరికే పట్టుకుని, నేనూ ఆడుతున్నాననే అనుకుని కొన్నాళ్ళు సంతోషపడ్డాను. అది ఉత్త మాట అని తెలిశాక ఏడుపు వచ్చింది. ఏడిస్తే అది కూడా దక్కదని మింగేదాన్ని.

పక్కన సాయిబుల ఇంట్లో ఒక అక్క ఉండేది, వాళ్ళ మాటలో ఆపా అని పిలిచేవాళ్ళం. ఆదోని నుంచి కొత్తగా కోడలై వచ్చింది. నవ్వితే వీధి చివరికి వినపడేది, అందుకు అత్తగారితో రోజూ చీవాట్లు తినేది, అయినా నవ్వడం మానలేదు. ఒక అమావాస్యనాడు ఆమె మా పెద్దమ్మ దగ్గర జల్లెడ అడగడానికి వచ్చి, గడప దగ్గరే నిలబడిపోయింది. టీవీని చూసింది, మా అన్న చేతిలో గన్ను చూసింది, నా ఒళ్ళో రిమోట్ చూసింది. వచ్చి నా వెనకే కూర్చుని చెవిలో చెప్పింది.

"మా తమ్ముళ్ళు నాకూ అట్లనే ఇచ్చినారు పాపా. ఊరికే యాల పట్టుకుంటావు? నొక్కు. ఒక్క బాతు వచ్చే ఆటలో ఆ బాతు నీ మాటే ఇంటాది."

నేను నమ్మలేదు. అయినా బాతు లేవగానే ఎడమకు నొక్కాను. ఎడమకు పోయింది! కుడికి నొక్కాను, కుడికి తిరిగింది. మా అన్న గురి పెట్టడం, నేను పక్కకు లాగడం. బాతు ఎగిరిపోయింది. కుక్క లేచి నవ్వింది. ఆ కుక్క నాకు అంత ముద్దుగా ఎప్పుడూ కనపడలేదు.

వీధిలో మా అన్నను మించిన గురిగాడు లేడు. అలాంటివాడికి వరసగా బాతులు తప్పుతుంటే ముఖం కందగడ్డ అయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మొదట గన్ను చెడిందన్నాడు. తర్వాత కరెంటు డిమ్ముగా ఉందన్నాడు. క్యాసెట్టు పీకి, అందరం చేసినట్టే దాంట్లో ఉఫ్ ఉఫ్ అని ఊది మళ్ళీ పెట్టాడు. ఊదితే బాగుపడదని, నోటి తడికి లోపల చిలుము పడుతుందని ఇప్పుడంటున్నారు. అప్పుడు అదే మాకు మందు, మంత్రం. ఎంత ఊదినా బాతు మాత్రం నాదే.

చివరికి ఆపా పకపకా నవ్వేసింది. మా అన్న తిరిగి చూశాడు. నా వేళ్ళు చూశాడు. లేచి వచ్చి రిమోట్ పట్టుకుని గుంజాడు.

"ఇయ్యి దాన్ని!"

"నువ్వే ఇచ్చినావు గదన్నా. ఇయ్యను. గన్ను నాకియ్యి, అప్పుడిస్తా."

ఆ గొంతు నాదేనా అని నాకే ఆశ్చర్యమేసింది. పెద్దమ్మ వంటింట్లోంచి ఏమిటా అరుపులని కేక వేసింది. ఆపా మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి, ఇయ్యొద్దు పాపా, అంది. మా అన్న ఉక్రోషంతో ప్లగ్గు పీకేశాడు. ఆరోజుకు ఆట లేదు. నాకు గన్నూ దక్కలేదు.

మళ్ళీ అమావాస్యకు మగపిల్లలే మా ఇంటికి వచ్చి నన్ను పిలిచారు. వాటంతట అవే ఎగిరే బాతులను కాల్చడం వాళ్ళకు చప్పగా అనిపించిందట. నేను ఎగరేస్తేనే మజా అట. ముందు నా వంతు గన్ను, తర్వాతే బాతు అన్నాను. మా అన్న మూతి ముడుచుకున్నాడు. మిగతావాళ్ళు వాడి చేతిలోంచి గన్ను లాక్కుని నాకిచ్చారు. నా గురి పరమ దరిద్రంగా ఉండింది. అది చూసి ఎవరన్నా నవ్వినా నేను గన్ను దించలేదు.

ఆపా తర్వాత ఆదోనికే వెళ్ళిపోయింది. నాకు ఆమె నేర్పింది ఆట అని చాలాకాలం అనుకున్నాను. పోయినేడు మా నేతగాళ్ళ సంఘంలో ఆడవాళ్ళు ఒకరుండాలని నన్ను కమిటీలో వేశారు. సంతకం పెడితే చాలమ్మా, మాట్లాడే పనేమీ లేదు అన్నారు పెద్దలు. మొదటి మీటింగులోనే నూలు ఎవరి దగ్గర కొంటున్నారు, ఎవరినడిగి కొంటున్నారు అన్నాను. అప్పటినుంచి నన్ను మీటింగులకు పిలవడం మానేశారు.

పిలవకపోయినా పోతున్నాను.