తిరుమలమ్మ అడిగే ప్రశ్న

తిరుమలమ్మ పలమనేరులో ఒక జూనియర్ కాలేజీ ల్యాబులో అటెండరు. అడ్మిషన్ల రోజుల్లో పుల్లకు గుడ్డ చుట్టి టెస్టుట్యూబులు తుడుస్తూ వరండాలోనే కూర్చుంటుంది. ఫారం పట్టుకొచ్చిన పిల్లలను ఏదో ఒకటి అడగనిదే లోపలికి పోనివ్వదు. మొన్న పాడిరైతు మునికుమార్ తన కూతురు రూపశ్రీని తీసుకొచ్చి, "ఎంపీసీలో చేర్పిస్తాండా. ఇంజనీరు కావాల" అన్నాడు. పిల్ల తల వంచుకుంది.

"మీ ఆవు ఈనేటప్పుడు పక్కన ఎవురుంటారు పాపా?" అంది తిరుమలమ్మ.

"నేనే. దూడను పట్టి లాగేదీ నేనే. నాయనకు నెత్తురు సూస్తే కండ్లు తిరుగుతాయి."

మునికుమార్ కాసేపు చెవి గోక్కుని, ఫారంలో ఎంపీసీ అని రాసింది కొట్టేసి, పెన్ను కూతురి చేతికిచ్చాడు. రూపశ్రీ గుండ్రంగా బైపీసీ అని రాసి, "నువ్వేం గ్రూపు సదివినావక్కా?" అంది.

"నన్నెవురూ అడగలేదు పాపా" అంటూ తిరుమలమ్మ ఇంకో ట్యూబు అందుకుంది.