నారాయణగూడ దాటలేని నన్ను దీవులు దాటించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, మీలో చాలామందికి నేను అశోక్‌నగర్ గల్లీలో జాకెట్లు కుట్టే సుజాతగానే తెలుసు. ఆదివారం వచ్చి వెనక వరుసలో కూర్చుని, ముగింపు ప్రార్థన కాగానే ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయేదాన్ని. గర్వం అనుకున్నారేమో, గర్వం కాదండీ, భయం! కొన్నేళ్లపాటు నేను ఎలాంటి చెరలో ఉన్నానో మా ఆయన రత్నం గారికీ పాస్టరమ్మ గారికీ తప్ప ఎవరికీ తెలియదు. ఈరోజు ప్రభువు నా నోరు తెరిచాడు, ఇక ఆపడం నా వల్ల కాదు, కొంచెం ఓపికగా వినండి.

కరోనా తగ్గి బస్సులు మామూలుగా తిరుగుతున్న రోజులవి. కోఠిలో లైనింగ్ గుడ్డ, దారాలు కొందామని చిక్కడపల్లిలో బస్సెక్కాను. నారాయణగూడ చౌరస్తా వచ్చేసరికి ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు. అయ్యో, నా పని అయిపోయింది, ఈ బస్సులోనే పోతున్నాను అనుకున్నాను! కండక్టరమ్మను బతిమాలుకుని దిగి ఫుట్‌పాత్ మీద కూలబడ్డాను. ఆస్పత్రిలో పరీక్షలన్నీ చేసి, గుండెకు ఏమీ లేదమ్మా, ఇది భయం జబ్బు, మందులతో తగ్గుతుంది, కానీ కొంచెం కొంచెంగా బయట తిరగడం అలవాటు చేసుకోవాలి అన్నారు డాక్టరు గారు. మందులు వేసుకున్నాను, ఆ డాక్టరు గారి కోసం నేటికీ ప్రార్థన చేస్తాను, తిరగడం మాత్రం చేతకాలేదు.

మొదట బస్సు మానేశాను, తర్వాత ఆటో మానేశాను, తర్వాత మెయిన్ రోడ్డే మానేశాను. మా గల్లీ నుంచి ఈ మందిరం దాకా, అంతే నా లోకం. పాలమూరులో నన్ను పెంచిన పెద్దమ్మ చనిపోతే చివరిచూపుకు కూడా వెళ్లలేకపోయాను సహోదరులారా, ఇంట్లోనే గోడకు తల కొట్టుకుని ఏడ్చాను. దారాల కోసం మా ఆయనే కోఠికి వెళ్లేవారు. ఆయన కరెంటు పని చేసే మనిషి, వైర్ల రంగులైతే నిద్రలో లేపి అడిగినా చెప్తారు, దారం దగ్గరికొచ్చేసరికి మెరూన్‌కూ బ్రౌన్‌కూ తేడా తెలియదు! గిరాకీలు నా మీద అరిచేవాళ్లు, నేను ఆయన మీద అరిచేదాన్ని, ఆయన మాత్రం మళ్లీ కోఠికి వెళ్లి దారం మార్చుకొచ్చేవారు.

ఆయనకు ఒక కోరిక ఉండేది. ఆయన ఊరివాడు నర్సింలు అని, సెంట్రింగు పని కోసం అండమాన్ వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు, రమ్మని ఎప్పుడూ పిలిచేవాడు. పాలమూరు ఎండల్లో పుట్టిన మనిషికి సముద్రమంటే ఎంత మోజో! సాయంత్రం పని నుంచి రాగానే ఫోనులో ఆ దీవుల వీడియోలు పెట్టుకుని చూసేవారు. భుజానికి బ్యాగేసుకోవాలె, ఓడెక్కి ఒక్కో దీవి తిరగాలె, హోటళ్లు గీటళ్లు వద్దు, జాగ దొరికిన కాడ పండాలె, వండుకుని తినాలె అని తనలో తానే అనుకునేవారు. ఒకరోజు నేను గదిలోకి రాగానే ఆ వీడియో ఆపేసి ఫోను బోర్లా పెట్టేశారు, నేను చూస్తే బాధపడతానని! ఆ బోర్లా పెట్టిన ఫోనును చూసి నా గుండె చెరువైపోయింది. ఈ భయం నన్నొక్కదాన్నే కాదు, ఏ తప్పూ చేయని ఆ మనిషిని కూడా నాతోపాటు గదిలో పెట్టి గొళ్లెం వేసిందని అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం కుట్టుమిషను మీద తల పెట్టుకుని ఏడుస్తూ ప్రార్థించాను. 'తండ్రీ, నేను పెద్దవేవీ అడగను, నన్ను ఆ నారాయణగూడ చౌరస్తా దాటించు, అంతే చాలు, ఆ మనిషి నవ్వు మొహం చూడనీ' అన్నాను. ఆమేన్ అని తల ఎత్తాను, ఎదురుగా మా ఆయన నిలబడి ఉన్నారు, నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు, 'ఏమండీ, పోదాం పాండి మీ దీవులకు' అనేశాను! ఆయన నవ్వాలో ఏడవాలో తెలియక, 'నారాయణగూడ దాటనిదానివి, సముద్రం దాటుతవా? జర ఆలోచించి మాట్లాడు' అన్నారు. 'నేనేడ దాటుత, ఆయన దాటిస్తడు' అన్నాను. చూశారా సహోదరులారా, చౌరస్తా దాటించమని అడిగితే సముద్రం దాటించడానికి సిద్ధపడ్డాడు మన దేవుడు, హల్లెలూయా!

అప్పటి నుంచి ఇల్లంతా హడావిడే. మందమైన జీన్స్ గుడ్డతో రెండు బ్యాగులు నేనే కుట్టాను, భుజాలు కోసుకోకుండా పట్టీల్లో స్పాంజి పెట్టాను, చిన్న కుక్కరు, బియ్యం, కందిపొడి, మామిడికాయ తొక్కు సర్దుకున్నాం. డాక్టరు గారిని అడిగితే సంతోషంగా వెళ్లి రమ్మని మందులు రాసిచ్చారు. బయలుదేరే ముందు మన శుక్రవారం ఉపవాస కూడికలో మా ప్రయాణం కోసం ప్రత్యేక ప్రార్థన చేశారు, గుర్తుందా? నేను ఓడెక్కే రోజు ఇక్కడ మీరంతా ఉపవాసం ఉంటామన్నారు, మీ ప్రేమ అంత గొప్పది! మీరుంటే నేను ఊరుకుంటానా, నేనైతే మంచినీళ్లు కూడా ముట్టను అని అందరి ముందు మాటిచ్చేశాను. సముద్రం మొహం ఎన్నడూ చూడని వాళ్లం, మనకేం తెలుసు చెప్పండి!

ఆటోలో కళ్లు గట్టిగా మూసుకుని ఆ చౌరస్తా దాటి, మద్రాసు వరకు రైల్లో ఆయన చెయ్యి వదలకుండా, పాటలు పాడుకుంటూ ఎలాగో వెళ్లాను. మర్నాడు పొద్దున్నే పరగడుపున ఓడెక్కాను. అన్నిటికంటే చవక టికెట్టు మాది, పెద్ద హాలులాంటి దాంట్లో ఒకదాని మీద ఒకటి పడకలు. ఒడ్డు కనిపించకుండా పోయిన కాసేపటికి ఓడ ఊగడం మొదలైంది, ఇక చూడండి నా అవస్థ! కడుపులో ఏమీ లేదు కదా, పసరు కక్కుతున్నాను, పేగులు నోట్లోకి వస్తున్నాయి, దానికి తోడు ఆ పాత దడ వచ్చి పట్టుకుంది. దిగుదామంటే ఎక్కడ దిగుతాం, నాలుగు దిక్కులా నీళ్లే! 'ఓడ వాపస్ తిప్పమని చెప్పుండ్రి, నేను సచ్చిపోత' అని మా ఆయన చొక్కా పట్టుకుని అరిచాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు, 'తప్పయింది సుజాతా, దిగంగనే వాపస్ పోదాం, ఇంక ఎన్నడూ నిన్ను ఏడికీ తీసుకపోను' అన్నారు. ఆ మాట విని నాకు ఇంకా ఏడుపొచ్చింది, ఎందుకంటే ఈ ఓడలో గనక నేను ఓడిపోతే ఇద్దరం మళ్లీ ఆ గదిలోకే, ఇక జన్మలో బయటికి రాము.

మా పక్క పడక మీద సూరమ్మ అని ఒక పెద్దావిడ ఉంది. శ్రీకాకుళం నుంచి చిన్నప్పుడే దీవులకు వెళ్లి చేపల బేరం చేసుకుని బతికిన మనిషి, యేసు ప్రభువును ఎరిగినావిడ కాదు, మెడలో తాయెత్తు ఉంది. అంతసేపూ నన్నే చూస్తూ ఉంది, ఇక ఉండబట్టలేక లేచి వచ్చి, 'ఏటమ్మా, పొద్దున్న ఏటి తిన్నావు?' అంది. ఉపవాసమని చెప్పాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది! 'కాలీ కడుపుతో ఎవులైనా ఓడెక్కుతారేటి? నీకు రోగం నేదు, దడా నేదు, ఆకలి! ముందిది తిను' అని మూట విప్పి మరమరాలు, ఉప్పు వేసిన నిమ్మచెక్క నా చేతిలో పెట్టింది. నేను మొండిదాన్ని కదా, 'మాటిచ్చిన పెద్దమ్మా, తినొద్దు' అన్నాను. దానికావిడ, 'మీ దేవుడు నిన్ను అవతలి ఒడ్డుకి సేర్సాలనుకున్నాడా, ఈ మంచం మీద సంపాలనుకున్నాడా? అదేటో ఆయన్నే అడుగు, అడిగి తిను' అంది.

అడిగాను సహోదరులారా! మరమరాలు దోసిట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. 'తండ్రీ, ఆకలితో ఉండి నీ దగ్గర ధైర్యం సంపాదించుకుందామనుకున్నాను, నువ్వేమో అడగకుండానే ఆహారం పంపించావు, నేను తింటున్నాను, నువ్వు నన్ను చూసుకో' అన్నాను. అంతే, ఒక్కొక్క గింజ నమిలాను, నిమ్మచెక్క చప్పరించాను, వాంతి ఆగింది, ఒళ్లు నెమ్మదించింది. సూరమ్మ నా తల తన ఒళ్లో పెట్టుకుని నిమురుతుంటే చంటిపిల్లలా నిద్రపోయాను. ఉపవాసం తప్పని నేను చెప్పడం లేదు, రేపు శుక్రవారం మీతో పాటు కూర్చుంటాను. కానీ నేను మొక్కవోని పట్టుదలతో విడుదల కొనుక్కోబోయాను, ప్రభువు దాన్ని ఉచితంగా, అదీ ఆయన పేరు ఎరగని మనిషి చేత తినిపించాడు, ఆయన ప్రేమకు హద్దులున్నాయా!

ఇక దీవుల సంగతి ఏం చెప్పను! నీళ్లు చూస్తే కొత్త పట్టుచీర పరిచినట్టు, ఒక దగ్గర పచ్చ, ఒక దగ్గర నీలం. నర్సింలు ఇంట్లో నాలుగు రోజులుండి, తర్వాత బ్యాగులు వేసుకుని మేమిద్దరమే బయలుదేరాం. సర్కారు ఓడలో డెక్కు టికెట్టు తీసుకోవడం, దిగిన దీవిలో చిన్న మందిరం కనిపిస్తే పాస్టరు గారికి వందనాలు చెప్పి చాప పరుచుకోవడం, వక్కతోటల పక్కన కుక్కరు పెట్టి అన్నం వండుకోవడం, ఇదే మా పని. భయం ఒక్కసారిగా మాయమైందని అబద్ధం చెప్పను. ఒక దీవి దగ్గర చిన్న మోటారు పడవ ఎక్కాల్సి వస్తే కాలు కదలలేదు, పడవ వెళ్లిపోయింది, మా ఆయన నా పక్కనే గట్టు మీద కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతూ, 'పోతే పోనీ, మనకేం డ్యూటీ ఉందా, రేపు పోదాం' అన్నారు. మర్నాడు ప్రార్థన చేసుకుని, కడుపునిండా తిని ఎక్కాను, వెళ్లాను.

అసలు పరీక్ష చివరి దీవిలో వచ్చింది. అక్కడ దిగిన మర్నాడే మా ఆయనకు చలి, జ్వరం, ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. చిన్న ఆస్పత్రిలో నర్సమ్మ చూసి, ఇక్కడ లాభం లేదు, పెద్ద దీవికి తీసుకెళ్లండి, గాలి పెరుగుతోంది, ఈ రోజు ఓడ పోతే మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం అంది. నేను ముందొక బ్యాగు, వెనకొక బ్యాగు తగిలించుకున్నాను, ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకుని ఓడరేవుకు నడిపించాను. టికెట్లు అయిపోయాయన్నాడు ఆ కిటికీలో అన్న. అశోక్‌నగర్‌లో కిరాయి కోసం, నీళ్ల కోసం పెరిగిన నోరు ఇది, ఊరుకుంటుందా! మన హైదరాబాదు హిందీలో, 'భయ్యా, ఆద్మీ కో బుఖార్ హై, నీచే బైఠ్ కే జాతే, టికెట్ దేవ్' అని, మనిషికి జ్వరం, కింద కూర్చునైనా పోతామని కౌంటరు వదలలేదు, చివరికి డెక్కు మీద జాగా ఇచ్చాడు, దేవునికే మహిమ!

ఓడ కదిలాక గాలి రేగింది, అలలు డెక్కు మీదకు చిమ్ముతున్నాయి, మనుషులు ఎక్కడివాళ్లక్కడ వాంతులు. ఆయన తల ఒళ్లో పెట్టుకుని, తడిగుడ్డ వేస్తూ, చెంచాతో గంజి పోస్తూ కూర్చున్నాను. పక్కన ఎవరో ఉత్తరాది అమ్మాయి, నాలాగే వీపున బ్యాగు, ఒంటరిగా వచ్చిందట, వణికిపోతూ ఊపిరి అందక ఎగశ్వాస పోతోంది. ఆ చూపు నాకు తెలియదా! 'కుఛ్ నై హోతా బేటా, మేరా హాత్ పకడ్' అని, ఏం కాదు బిడ్డా అని ధైర్యం చెప్పి ఒక చెయ్యి ఆమెకిచ్చాను, ఇంకో చెయ్యి ఆయన నుదుటి మీద. ఆ పిల్ల కోసం ప్రార్థన చేశాను, ఆయన కోసం ప్రార్థన చేశాను, మనకొచ్చిన పాటలన్నీ గట్టిగా పాడాను, ఆ గాలిలో నా పాట ఎవరికి వినిపించిందో ఆ దేవుడికే తెలుసు.

ఓడ రేవు చేరుతుంటే మా ఆయన కళ్లు తెరిచారు. నన్నే చూస్తూ నెమ్మదిగా, 'సుజాతా, నీకు భయం కాలేదా?' అన్నారు. 'ఏం భయం?' అన్నాను నేను. నిజంగానే నాకు అర్థం కాలేదు, దేని గురించి అడుగుతున్నారో తెలియలేదు! ఆయన సముద్రం వైపు చెయ్యి చూపించారు. అప్పుడు తెలిసింది సహోదరులారా, అప్పుడు తెలిసింది! అంత సముద్రం దాటి వచ్చాను, నా భయం నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆ డెక్కు మీదే ఆయన్ని పట్టుకుని బోరున ఏడ్చాను, జ్వరంలో ఉన్న మనిషి నా కన్నీళ్లు తుడిచి నవ్వారు, ప్రార్థనలో నేనడిగిన ఆ నవ్వు మొహం.

ఆస్పత్రి వాళ్లు మంచిగా చూశారు, వారం లోపల మా ఆయన లేచి కూర్చున్నారు. అదిగో, కీబోర్డు పక్కన కూర్చున్నారు, ఏమండీ, ఒకసారి లేచి నిలబడండి, అందరూ చూడనీ! సిగ్గుపడుతున్నారు చూడండి. నేను డాక్టరు గారికి కనిపిస్తూనే ఉన్నాను, మందు సగానికి తగ్గించారు, అలాంటి డాక్టరును ఇచ్చిన దేవునికి వందనాలు.

అక్కలారా, అన్నలారా, మీలో ఎవరైనా తలుపు వేసుకుని లోపల కూర్చున్నవాళ్లు ఉంటే, ఈ సుజాతకు కాబట్టి అయింది, మాకెక్కడ అవుతుంది అనుకోకండి. ధైర్యం వచ్చాక బయలుదేరదామని నేను ఏళ్ల తరబడి కూర్చున్నాను, అది ఇంట్లోకి రాలేదు, దారిలో ఎదురొచ్చింది. యేసు ప్రభువును నమ్మి ఒక్క అడుగు బయట పెట్టండి, వణుకుతూనే పెట్టండి. ఒంటరిగా చేతకాకపోతే నాకు కబురు పంపండి, మీ గుమ్మం దగ్గరికి వస్తాను, చెయ్యి పట్టుకుంటాను, మీరు లేచేదాకా అక్కడే కూర్చుంటాను. మహిమంతా ఆయనకే, ఆమేన్!