బాపు పొదుపు, అవ్వ సల్ల

మా బాపు పొదుపు మొదలుపెట్టింది దీపంతో. నైజాం రాజ్యంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రోజులవి. పండిన జొన్నల్లో సర్కారుకు లెవీ కింద కొలిచి ఇవ్వగా మిగిలినవే ఇంటికి వచ్చేవి. దీపంలో పోసే గాసనూనె కంట్రోలు దుకాణంలో ఎప్పుడు దొరికితే అప్పుడే. అందుకని పొద్దు గూట్లో పడకముందే తినేయాలన్నాడు బాపు. ఆలస్యమైతే మేము తింటుండగానే దీపం ఊదేసేవాడు. "చీకట్ల ఎట్ల తినాలె?" అని నేను ఏడిస్తే, "నోరెక్కడున్నదో చేతికి ఎరుకే బిడ్డా" అనేవాడు. అమ్మకు నవ్వు ఆగక పొలమారేది.

తర్వాత ఆయన చుట్ట మానేశాడు. పండగ బట్టలు పోయాయి. తిరుమలగిరి అంగడి నుంచి వారం వారం వచ్చే బెల్లం పోయింది. అవన్నీ పోయినా మేము బాగానే బతికాం. పొదుపును తిట్టిపోసే మనిషిని కాను నేను. ఇప్పటికీ అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండుసార్లు వాడే చెయ్యి నాది. నా కడుపుమంటంతా ఒక్క సల్ల గురించే.

మజ్జిగను మేము సల్ల అంటాం. మాకు మూడు బర్రెలుండేవి. అవ్వ, అంటే బాపు తల్లి, తెల్లవారుతుండగానే గుంజకు కవ్వం కట్టి చిలికేది. ఆ చప్పుడు ఆగిందంటే చాలు, వాడకట్టులో పాడి లేని ఇళ్ల ఆడవాళ్లు ముంతలు పట్టుకుని వచ్చేవాళ్లు. జొన్నరవ్వ ఉడికించిన గటకలో ఇంత సల్ల పడితేనే వాళ్లింట్లో పిల్లల గొంతు దిగేది. సల్ల అమ్ముకోవడం మా దిక్కు తప్పు. నెయ్యి అమ్ముకోవచ్చు, వెన్న అమ్ముకోవచ్చు, సల్ల మాత్రం ఊరికే పోయాలి.

అయితే మా అవ్వ ఊరికే పోసేది కాదు, ఆరా తీసి పోసేది. "నీ కోడలు తింటాందా, కక్కుతాందా?" "అలిగి పోయినోడు ఇంటికొచ్చిండా?" జవాబు వచ్చేదాకా ముంత నిండదు. కడుపుతో ఉన్న పిల్ల వస్తే, పక్కవాళ్లు చూడకుండా ఇంత వెన్నముద్ద అందులో జారవిడిచేది. తాత పోయాక ఇంటి తాళాలు అమ్మ చేతికి, సేద్యం బాపు చేతికి వెళ్లాయి. అవ్వకు మిగిలింది ఆ కవ్వం, ఆ గంటె. పొద్దున్నే ఆ కాసేపు ఆమె మా వాడకట్టుకంతా పెద్ద. మిగతా రోజంతా ఒక ముసలమ్మ, అంతే. ఈ సంగతి బాపుకు తట్టలేదు.

ఆ ఏడు మోటారు బస్సు ఆగే చోట ఎవరో చాయ్ హోటలు పెట్టారు. హోటలాయన వచ్చి పాలు అడిగాడు. పూటపూటకూ మొత్తం పాలు కొంటానన్నాడు. బాపు ముఖం వెలిగిపోయింది. పాలన్నీ పోతే ఇక తోడు పెట్టేది దేన్ని?

"సల్ల అమ్ముకుంటమారా?" అని అడిగింది అవ్వ.

"సల్ల నేనెందుకు అమ్ముత? అమ్మేటియి పాలు. సల్ల ఉంటే గదనే అమ్మా, పోసుడో అమ్ముడో!"

ఆచారం తప్పలేదని ఆయన ధీమా. అవ్వ కవ్వం కడిగి, ఆరబెట్టి, అటక మీద పెట్టింది.

మర్నాడు ముంతలు వచ్చాయి. అవ్వ లోపలి నుంచి కదల్లేదు. అమ్మ తనే వాకిట్లోకి వెళ్లి, "ఇగ మా ఇంట్ల సల్ల లేదు, రాకుండ్రి" అని చెప్పింది. అందరూ ఖాళీ ముంతలతో మళ్లిపోయారు. ఒకామె మాత్రం "అవ్వకు పానం మంచిగున్నదా?" అని అడిగి వెళ్లింది.

అవ్వ అదే వేళకు లేచి అరుగు మీద కూర్చునేది. దారినపోయే ఆడవాళ్లను పలకరిస్తే నడుస్తూనే బదులిచ్చేవాళ్లు. పని మీద పోయేవాళ్లు ఊరికే ఎందుకు నిలబడతారు? కొన్నాళ్లకు ఆమె అరుగు మీద కూడా కనిపించలేదు. ఎక్కడికి పోతున్నావంటే, "కాళ్లు పట్టుకపోతున్నయి, జర నడిచొస్త" అనేది.

ఒకరోజు చేనికి పోతున్న బాపుకు ఆమె ఎదురుపడింది. కొంగు కింద ఏదో దాచుకుని వస్తోంది. ఏమిటని అడిగితే చెప్పదు. చివరికి కొంగు తొలగించి చూస్తే ముంత, ముంత నిండా సల్ల. రోజూ ఊరి చివర గొల్లల ఇంటికి పోయి వాళ్ల కవ్వం ఆడిస్తోందట. అక్కడికి సల్లకు వచ్చేవాళ్లతో మాట్లాడుతోందట. ఇన్నాళ్లూ వాళ్లు పోస్తామన్నా వద్దన్నదట. ఆ రోజు పిల్లలకని బలవంతంగా చేతిలో పెట్టారు.

చల్లకొచ్చి ముంత దాచడమంటే అందరూ వాడే సామెతే. చల్ల తెస్తూ ముంత దాచిన మనిషి మాత్రం నాకు తెలిసి మా అవ్వ ఒక్కతే. సొంత కొడుకుకు కనపడకుండా దాచింది. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

ఆ పూట బాపు గటక ముందు కూర్చుని, తినకుండా లేచాడు. మర్నాడే హోటలుకు పాలు బందు చేశాడు. అటక ఎక్కి కవ్వం తనే దించాడు. "నీ సల్ల నువ్వు పోసుకో అమ్మా" అన్నాడు. తగ్గించిన ఖర్చును మళ్లీ పెంచుకుంటే సరిపోతుందనుకున్నాడు పాపం.

రాత్రి తోడు పెట్టి, మరుసటి పొద్దున అవ్వ తలకు నూనె రాసుకుని కొప్పు ముడుచుకుంది. ఎప్పటిలాగే చిలికింది. కుండ ముందు పెట్టుకుని, గంటె చేతపట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఎవరూ రాలేదు. చప్పుడు వినపడలేదేమోనని మర్నాడు ఇంకా గట్టిగా చిలికింది. అమ్మ ఆగలేక, వెనుకటి రోజుల్లో అందరికంటే ముందొచ్చే ఆమెను బావి దగ్గర పట్టుకుని రమ్మని పిలిచింది. "మాకున్నది తల్లీ సల్ల" అన్నదట ఆమె నవ్వుతూ. వాళ్లింట్లో మేకపిల్ల కూడా లేదు. ఆమెను తప్పుపట్టను. రావద్దన్న వాకిలికి నేనైనా మళ్లీ ముంత పట్టుకుని పోయేదాన్ని కాదు.

సల్ల పులిసిపోయేది. ఎండ ముదిరాక అవ్వ దాన్ని తీసుకెళ్లి బర్రెల కుడితి గోలెంలో పోసేది. కొన్నాళ్లు అట్లా గడిచాక ఒక పొద్దున కవ్వం తాడు విప్పి, కొట్టంలో పాలు పితుకుతున్న బాపు దగ్గరికి వచ్చింది.

"రేపటిసంది హోటలుకే పంపు కొడుకా" అన్నది. "ఊకె పులవెట్టుడెందుకు? గా పైసలన్న మిగులుతయి."

అవ్వ నోట పైసల మాట నేను విన్నది ఆ ఒక్కసారే.