పుర్రచేతి గొడ్డలి

మోరాండ్ హెర్ట్సోగ్ ఇంటికి దారి అడిగితే, ఫ్రాన్సు, జర్మనీల సరిహద్దులో కోల్మార్ పక్కనున్న ఆ ద్రాక్షతోటల ఊళ్ళో ఎవరూ వీధి పేరు చెప్పరు. మెలిరొట్టె చెక్కిన గుమ్మం దాటి, బూటు చెక్కిన గుమ్మం కూడా దాటి, పీపా దగ్గర ఆగమంటారు. చదువు రాని కాలంలో వృత్తిసంఘాలవాళ్ళు రాతిలో చెక్కించుకున్న గుర్తులవి. చదువొచ్చాక కూడా జనం వాటినే నమ్ముకున్నారు. మరి వీధి పేర్లో, ఒకసారి జర్మను, ఒకసారి ఫ్రెంచి. ఏలేవాడు మారినప్పుడల్లా మారేవి. రాయికి ఆ బెడద లేదు.

మోరాండ్ గుమ్మంపై రాతిదూలం మీద పీపా, దాని కింద కొయ్యసుత్తి, గొడ్డలి, పక్కన 1493 అనే అంకెలు. పీపాలు చేసేవాడి గొడ్డలికి ఒకవైపే పదును వాలు ఉంటుంది. రెండోవైపు అద్దంలా చదును. ఆ చదునును కర్రకు ఆనించి చెక్కాలి కాబట్టి కుడిచేతివాడి గొడ్డలి పుర్రచేతివాడికి పనికిరాదు. ఆ వీధిలో పీపా గుమ్మాలు నాలుగైతే, మూడింటి మీద ఉన్నది కుడిచేతి గొడ్డలి. మోరాండ్ ఇంటిది ఎడమచేతిది.

మోరాండ్‌ది కూడా పుర్రచెయ్యే. ఎడమచేతిని తిట్టని దేశం భూమ్మీద ఎక్కడైనా ఉందో లేదో గాని, ఆ ఊరి బడి మాత్రం అలాంటిది కాదు. ఏడేళ్ళప్పుడు అక్కడి సన్యాసినమ్మ, అది సైతాను చెయ్యి అంటూ వాడి ఎడమచేతిని బల్లకు కట్టేసింది. ఏడుస్తూ ఇంటికొస్తే తండ్రి భుజాలమీదికి ఎత్తుకుని రాతిగొడ్డలి తడిమించాడు.

"ఈ ఇల్లు కట్టినవాడిదీ నీ చెయ్యేరా. సైతానైతే చర్చివాళ్ళు ద్రాక్షసారా పీపాలు ఆయన దగ్గరే ఎందుకు చేయించుకున్నారు?"

ఆ తర్వాత నలభై ఏళ్ళపాటు మోరాండ్ ఏ పనిలోనూ చెయ్యి దాచుకోలేదు. పెళ్ళిచూపులకు వెళ్ళి కాబోయే మామగారి ముందు ఎడమచేత్తోనే గ్లాసెత్తాడు. ఆయన ముఖం చిట్లించినా పక్కనున్న పెళ్ళికూతురు ఓడిల్ నవ్వింది. సంబంధం ఖాయమైంది.

యుద్ధంలో, 1945 చలికాలంలో పడిన ఫిరంగి గుండుకు రాతిదూలం నిలువునా పగిలింది. సుత్తి పోయింది, పీపా సగం పోయింది. గొడ్డలి గీత చెక్కుచెదరలేదు. పదేళ్ళకు మున్సిపాలిటీవాళ్ళు వీధిలో గుర్తులన్నీ కొత్తరాయి మీద చెక్కిద్దామనుకున్నారు. బొమ్మలు గీసే పని బడిలో చెప్పే ఎర్‌హార్ట్ మేష్టారికి, చెక్కే పని ఊరి శిల్పి ఫ్రిడోలిన్‌కు. మోరాండ్ వెళ్ళి చూసేసరికి కాగితంమీద ఉన్నది కుడిచేతి గొడ్డలి.

పాత శిల్పి తిరగేసి చెక్కాడనీ, మూడు ఒకలా ఉంటే నాలుగోది పొరపాటు కాక మరేమిటనీ మేష్టారు ఓపిగ్గానే చెప్పారు.

"మీ బడిలో ముగ్గురు ఒకే లెక్క తప్పు చేస్తే నాలుగోవాడి చెవి మెలేస్తారా మేష్టారూ?" అన్నాడు మోరాండ్.

మేష్టారికి కోపం రాలేదు. ఆధారం ఉంటే శనివారంలోగా చూపించమన్నారు. సోమవారం ఉలి పడుతుంది.

మూడు రోజులు మోరాండ్ ఊరంతా తిరిగి వాదించాడు. తన ముత్తాతను చూసినవాళ్ళ మనవళ్ళను కూడా వదల్లేదు. నాలుగోనాడు ఉల్లిపాయ రొట్టె ముందు పెడుతూ ఓడిల్ అంది: "నోరు నీ పనిముట్టు కాదు కదయ్యా. అటకమీద ఇనుముంది, దాన్ని మాట్లాడించు."

హెర్ట్సోగుల ఇంట తరతరాలుగా వస్తున్న ఎడమచేతి గొడ్డలి ఒకటుంది. ప్రతి తరంవాడూ పీపాలవాళ్ళ సంఘంలో చేరేరోజు, కుడిచేతివాడైనా సరే తంటాలు పడి, తన మొదటి పీపాను దానితోనే చెక్కి, మళ్ళీ అటకెక్కిస్తాడు. ఇనుము అదే, పిడి మాత్రం పదకొండోది. ఆ సంఘంలో ఇంకో ఆచారం కూడా ఉండేది. ఇల్లు కట్టుకున్నవాడు తన గొడ్డలినే రాతిమీద పెట్టి చుట్టూ మేకుతో గీస్తాడు. శిల్పి ఆ గీతమీదే ఉలి నడపాలి. ఈ రెండూ మోరాండ్‌కు చిన్నప్పటినుంచీ తెలుసు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని మాత్రం ఎన్నడూ తట్టలేదు.

శనివారం ఉదయం ఫ్రిడోలిన్ పెరట్లో పాత రాతిదూలం బల్లలమీద పడుకుని ఉంది. మోరాండ్ మొదట తాను అరువు తెచ్చిన కుడిచేతి గొడ్డలిని గీతమీద పెట్టాడు. రాతిలో వాలున్నచోట ఇనుము చదునుగా ఉంది. దాన్ని తీసేసి ఇంటి గొడ్డలిని ఎడమచేత్తో దించాడు. వీపు గీతలో వీపు, పిడి కన్నంమీద కన్నం, వాలు పక్కన వాలు ఒదిగిపోయాయి. అంచు దగ్గర మాత్రం ఇనుము రెండు వేళ్ళ మేర తక్కువైంది.

మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, వంగి, అటూ ఇటూ తిరిగి చూశారు. పిల్లల పుస్తకంలో దిద్దినంత శ్రద్ధగా తన కాగితంమీద అడ్డంగా గీత కొట్టేశారు. "శిల్పిది తప్పు కాదు, నాదే" అన్నారు.

ఫ్రిడోలిన్ కొత్తరాయి మీద గొడ్డలిని పెట్టమని మోరాండ్‌ను పిలిచాడు. చుట్టూ మేకుతో గీసుకుంటూ వచ్చి అంచు దగ్గర ఆగాడు.

"మామా, ఇది అరిగి ఉంది. ఇప్పుడున్నంతే చెక్కనా, అప్పుడున్నంతా?"

మోరాండ్ ఇనుప అంచుమీద బొటనవేలు నడిపి చూసుకున్నాడు. తండ్రి, తాత, పేర్లు తెలియని మరెందరో ఒక్కొక్క పీపాకు కాస్తకాస్తగా సానబెట్టి తగ్గించిన రెండు వేళ్ళ ఇనుము.

"అప్పుడున్నంతా చెక్కు" అన్నాడు. "అరగదీయడం మా వంతు, రాయి వంతు కాదు."