సడ్డకుడి చేనుకు నా మంద

ఒక్క పొట్టేలు మీద కన్నేసి మంద మొత్తాన్నీ చేజార్చుకున్న మొనగాణ్ని మీరెక్కడా చూసి ఉండరు. చూడాలంటే దూరం పోనక్కరలేదు. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నవాడే.

నైజాం పాలన పోయిన మరుసటి ఏటి ముచ్చట. మునగాల పక్క పల్లెలో గొర్రెలు కాసుకుని బతికేవాళ్లం. నా భార్య లచ్చమ్మ చెల్లెల్ని కోదాడలో మల్లయ్యకు ఇచ్చారు. నాకు సడ్డకుడన్నమాట. వయసులో నాకన్నా చిన్న, మిగతా అన్నిటిలో పెద్ద. నాకు గొర్రెలే ఉంటే, అతనికి గొర్రెలతో పాటు చేను కూడా ఉంది. అయినా నన్ను లోలోపల కాల్చింది అతని పొట్టేలే. మెలితిరిగిన కొమ్ములు, పెండ్లికొడుకు నడక! సూర్యాపేట అంగడికి పోతే దాని మాటే, మిర్యాలగూడ పోతే అక్కడా దాని మాటే. నా పేరు మా ఊళ్లోనే సగం మందికి తెలియదు.

ఉండబట్టలేక నా మందలోంచి మేలైన రెండు గొర్రెలిచ్చి దాన్ని మార్పిడి చేసుకున్నాను. మల్లయ్య అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో ఆలోచించే తెలివి ఆనాడు నాకు లేదు. ఈనాడు ఉందని కూడా నేననడం లేదు.

మా మందకు ముందు నడిచేది మెడలో గంట కట్టిన ఓ ముసలి మేక. ఆ గంట ఎటు మోగితే గొర్రెలన్నీ తల వంచుకుని అటే పోతాయి. అంతటి అందగాణ్ని తెచ్చి ముసలి మేక వెనక నడిపించడం నాకు నామోషీ అనిపించింది. తెల్లారగానే మేకను కట్టేసి, గంట విప్పి పొట్టేలు మెడలో వేశాను.

"ఏం జేస్తున్నవ్? నిన్న గాక మొన్నొచ్చినదానికి గంట గడ్తవా? మన తొవ్వ ఎరుకయ్యేదాక జర ఆగరాదు!" అంది లచ్చమ్మ.

"నువ్వు సూస్తుండు. దీన్ని సూసి పటేలు నోరెళ్లబెడ్తడు."

"పటేలు చేన్ల మాపటికి మంద పండాలె, మనకు జొన్నలు రావాలె. కుండల గింజ లేదు. గది యాదుంచుకో."

గొర్రెలు పడుకున్న నేలకు ఎరువు, కాపరికి గింజలు. మా బతుకు ఆ ఒప్పందం మీదే నడిచేది.

మంద బాట ఎక్కింది. పొట్టేలు ఓసారి గాలి వాసన చూసి, కోదాడ దిక్కు తిరిగి కదిలింది. గంట మోగింది. ఇంకేముంది, గొర్రెలన్నీ దాని వెనకే! కర్ర అడ్డం పెడితే ఒక్క పోటుతో నన్ను బురదలో కూర్చోబెట్టింది. గంట విప్పుదామని దగ్గరికి పోతే మళ్లీ కూర్చోబెట్టింది.

ఎదురొచ్చిన బండి మీది ముసలాయన అడిగాడు: "ఏంది పిలగా, మందను నువ్వు కాస్తున్నవా, నిన్ను మంద కాస్తున్నదా?"

"సడ్డకునింటికి పోతున్న తాతా!"

"సుట్టపుసూపుకు గింతమందా? వాళ్లింట్ల వంటపాత్రలు సాలవు గద!"

పొద్దు వాలేసరికి మంద నేరుగా మల్లయ్య చేలోకి దిగి, చతికిలబడింది. ఎంత అదిలించినా ఒక్కటీ లేవలేదు. మల్లయ్య నీళ్ల చెంబుతో వచ్చాడు.

"ఏందన్నా, మళ్ల తోలుకొచ్చినవ్?"

"నేను తోలుకరాలె తమ్మీ. అదే నన్ను తోలుకొచ్చింది."

అతను నవ్వలేదు. నా పక్కనే గట్టు మీద కూలబడ్డాడు.

"తప్పు నాదేనన్నా. ఏనాడన్న నా మాటిన్నదా అది? దినాం దాని ఎనక ఉరుకుడే. పీడ పోయిందనుకున్న. నీ మందను జూసి నేను కుళ్లుకునేటోణ్ణి. ముసలి మేక ఎనక ఎంత సల్లగ పోతయి! గసొంటి మంద నాకెప్పుడొస్తదా అని."

నేను ఏళ్లుగా కుమిలింది, అతను వదిలించుకోవాలని చూస్తున్న దాని కోసం! ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని పొట్ట పట్టుకుని నవ్వాం.

మర్నాడు మల్లయ్య పొట్టేలును తన దొడ్లో కట్టేసి, దాని మెడలోని గంట విప్పి నా చేతికిచ్చాడు. నా రెండు గొర్రెలనూ తిరిగిచ్చి, "ఎరువు నా చేన్ల పడ్డది, గింజలు నేనే ఇయ్యాలె," అంటూ జొన్నల మూట నా నెత్తికెత్తాడు. మరి మందను నడిపేదెవరు? చేతులు మూటకు సరిపోయాయి. గంట నా మెడలోనే వేసుకుని ముందు నడిచాను. అక్కడినుంచి ఇంటిదాకా ఒక్క గొర్రె దారి తప్పలేదు.

పటేలు అప్పటికే వేరే మందను పిలుచుకున్నాడట. లచ్చమ్మ మూట దించి, నన్ను కింద నుంచి మీదికి చూసింది.

"ఇప్పుడు నయం. గంట సరైన మెడకే పడ్డది."

ఆ ఏడు కోదాడలో మల్లయ్య చేను విరగపండిందని అంతా చెప్పుకుంటుంటే నా కడుపు మండలేదు. పైగా ఆ పచ్చదనంలో మా గొర్రెల వాటా కూడా ఉందని తిరిగినచోటల్లా చెప్పుకున్నాను.

మంద సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీద ఎవరి దొడ్లోకీ తొంగిచూడను. కండ్లు మాట వినకుండా పోతే పోనీ, వాటి వెనక కాళ్లను మాత్రం పంపను.